సీసా ఏం చూస్తోందో అదే ఫోటోలో పడుతుంది

చిట్టీ,

పన్నెండు సెంటు సీసాలు ఫోటో తీసే పని ఒప్పుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చూశాను. ఫోన్లో చెబితే సగం జారిపోతాయని రాస్తున్నాను.

ఫోకస్ బాగుంది. కానీ ప్రతి సీసా మీదా రెండు తెల్లటి మచ్చలు, వెండి రంగు మూతలో మీ గది కిటికీ, ట్రైపాడ్ కాళ్లు, నీ నీలం చుడీదారు కనిపిస్తున్నాయి. నువ్వు రెండు లైట్లనూ నేరుగా సీసా మీదకి తిప్పావు. మనిషి ముఖానికైతే అలా నడుస్తుంది, ఎందుకంటే చర్మం వెలుగును అన్ని వైపులకీ చెదరగొడుతుంది. గాజు, మెరుగు పెట్టిన లోహం అలా కాదు. వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అవతలికి పోతుంది. అంటే సెంటు సీసాని ఫోటో తీయడమంటే దాని చుట్టూ ఉన్నవాటిని ఫోటో తీయడమే. లైటు వేసే ముందు కెమెరా ఉన్నచోటే తల పెట్టి, ఒక కన్ను మూసి, సీసాలో ఏమేం కనిపిస్తున్నాయో ఒక్కొక్కటే చూడు. అక్కర్లేని ప్రతిదాన్నీ తీసెయ్యి, లేదా కప్పెయ్యి. నువ్వు కూడా నల్ల చొక్కా వేసుకో.

ఇప్పుడు అసలు అమరిక. సీసా వెనక రెండడుగుల దూరంలో పెద్ద బటర్ పేపర్ వేలాడదీసి, దాని వెనక నుంచి ఒక్క ఫ్లాష్ వెయ్యి. ముందు నుంచి ఏమీ వద్దు. నేపథ్యం తెల్లగా వెలుగుతుంది గానీ సీసా అంచులు అందులో కలిసిపోతాయి. అప్పుడు రెండు నల్ల అట్టలు తీసుకుని సీసాకి అటూ ఇటూ, ఫ్రేములోకి రాకుండా, దగ్గరగా జరుపు. అంచు వెంట సన్నటి నల్ల గీత వచ్చి సీసా ఆకారం ఒక్కసారిగా తేలుతుంది. అట్టను ఒక అంగుళం జరిపితే గీత మందం మారుతుంది. ఆ అంగుళాల దగ్గరే నీ సమయమంతా పెట్టు. నల్ల నేపథ్యం కావాలంటే ఇదే తిరగెయ్యి: వెనక నలుపు, ఆ నలుపు పక్కల నుంచి వెలుగు. అంచులు తెల్లగా మెరుస్తాయి.

అయితే నల్ల నేపథ్యంలో సీసాలోని సెంటు చీకటిగా ఉండిపోతుంది. దానికో చిన్న పని. బంగారు రంగో వెండి రంగో ఉన్న మెరుపు కాగితాన్ని సీసా ఆకారంలో, సీసా కంటే కాస్త చిన్నగా కత్తిరించి, దాని వెనక కొంచెం వాల్చి నిలబెట్టు. పై నుంచో పక్క నుంచో వచ్చే వెలుగు ఆ కాగితానికి తగిలి ద్రవంలోంచి ముందుకు వస్తుంది. తేనె రంగు సెంటు లోపల దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణం నాకు ఇష్టమే.

మూతకి మచ్చలేని మెరుపు కావాలంటే బటర్ పేపర్‌ను సాఫ్ట్‌బాక్స్‌కి, అంటే లైటుకి ముందు తెల్లగుడ్డ కట్టిన పెట్టెకి, అంటించెయ్యకు. రెండింటి మధ్య దూరం ఉంచు. అప్పుడు వెలుగు మధ్యలో గట్టిగా, అంచుల వైపు మెల్లగా తగ్గుతూ వస్తుంది, లోహం గుండ్రంగా కనిపిస్తుంది. పోలరైజర్, అదే మెరుపు తగ్గించడానికి లెన్స్‌కి తగిలించే అద్దం, కొంటానన్నావు కదా, లోహం మీది మెరుపుని తగ్గించడం దాని ఒక్కదాని వల్ల కాదు. ఆ డబ్బుతో ఇంకో లైట్ స్టాండ్ కొనుక్కో. సీసాకి, మూతకి, లేబుల్‌కి, సెంటుకి ఒకే లైటింగ్ కుదరదు. ట్రైపాడ్ కదపకుండా నాలుగు ఫోటోలు తీసి ఫోటోషాప్‌లో కలుపు. దాంట్లో మోసమేమీ లేదు.

కెమెరా గురించి రెండు మాటలు చాలు: వెలుగుని పట్టే సున్నితత్వం 100 ఐఎస్ఓ, లెన్స్ రంధ్రం ఎఫ్ 11, దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్. గదిలో ట్యూబ్‌లైట్ తప్పక ఆర్పు.

శుభ్రం విషయం మాత్రం మనసుపెట్టి విను. కొత్తల్లో ఒక కంపెనీ వాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క శాంపిల్ సీసాని స్పిరిట్‌తో తుడిచాను. వేలిముద్రలతో పాటు బంగారు అక్షరాలు కూడా దూదికి వచ్చేశాయి. చేతులు వణికాయి. వాళ్లకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఇంకో సీసా వచ్చేదాకా మూడు రోజులు ఆగాను. అందుకని నూలు గ్లోవ్స్ వేసుకో, పొడి మైక్రోఫైబర్ గుడ్డ వాడు, దుమ్ముకి గాలి ఊదే చేతి బ్లోయర్ వాడు. అచ్చు వేసిన చోట ఏ ద్రవమూ తగలనివ్వకు. ఒక్కో రకానికి కనీసం మూడు సీసాలు అడుగు. వాటిలో లేబుల్ నిటారుగా ఉన్నది, మూత వంకర లేనిది ఏరుకో. లోపలి గొట్టం పక్కకి వంగి కనిపించకుండా సీసాని తిప్పి చూసుకో.

లిప్‌స్టిక్‌లు కూడా ఇస్తారన్నావు. మన ఎండాకాలంలో మోడలింగ్ లైటు (ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలిగి ఉండే బల్బు) వేడికి అవి మెత్తబడతాయి, ఆ లైటు ఆర్పి ఏసీ పెట్టు. ఫ్రిజ్‌లోంచి తీస్తే నీటి చెమ్మ పడుతుంది. వేలు తగిలిందా, ఆ లిప్‌స్టిక్ ఇక పనికిరాదు. సీసా మీద నీటి బొట్లు కావాలంటే నీళ్లూ గ్లిజరినూ సగం సగం కలిపి స్ప్రే చెయ్యి. అవి తొందరగా జారవు, ఆరవు.

రంగు దగ్గర మాత్రం రాజీపడకు. లైట్ల అమరిక మార్చినప్పుడల్లా కలర్ చెకర్, అంటే రంగులు సరిచూసుకునే గడుల అట్ట, పెట్టి ఒక ఫోటో తియ్యి. క్లయింటు "ఈ ఎరుపు ఇంకాస్త ముదురు చెయ్యండి" అంటారు. ఒప్పుకోకు. ఫోటో చూసి ఆ షేడ్ తన పెదాలకి నప్పుతుందని డబ్బు పెట్టే అమ్మాయికి డబ్బాలో అదే రంగు రావాలి.

డబ్బు సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. హక్కు నీ దగ్గర ఉండాలనుకుంటే పని మొదలుపెట్టే ముందే కాగితం మీద రాయించుకో. వెబ్‌సైట్‌కే ఇస్తున్నావా, హోర్డింగ్‌కి కూడానా, ఎన్నాళ్లకి, అవన్నీ అందులోనే ఉండాలి. అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడకు. అమెజాన్‌కైతే మొదటి ఫోటో నేపథ్యం పూర్తి తెలుపు ఉండాలి, ఫ్రేములో 85 శాతం వస్తువే ఉండాలి. వాటికీ ప్రకటన ఫోటోలకీ వేర్వేరు రేటు చెప్పు.

వీలైనప్పుడు అమెరికా ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1968 నుంచి క్లినీక్ అనే సౌందర్య సాధనాల కంపెనీకి తీసిన ఫోటోలు వెతికి చూడు. అందమైన అమ్మాయి ఎవరూ ఉండరు, సీసాలూ డబ్బాలే. ప్రతి ఫోటోలో లైటు ఎక్కడుందో సీసా మీది మెరుపుని బట్టి కాగితం మీద బొమ్మ గీసుకో.

ఈ శనివారం చార్మినార్ దగ్గరికి వెళ్లి, అత్తరు దుకాణాల్లో చెక్కుడు గాజు సీసాలు రెండు మూడు ఖాళీవి కొనుక్కురా. వాటిలో ప్రతి పలకా ఒక వేరే అద్దం, ఒక్కోటీ ఒక్కో వైపు చూస్తుంది. ఆదివారం పొద్దున్నే వాటితో ఇంటికొచ్చెయ్. నా నల్ల అట్టలూ, బటర్ పేపర్ రోలూ అటక మీంచి దించి పెడతాను. అత్తయ్య పెసరట్లు వేస్తానంది.

మీ మావయ్య