వేలంలో కార్వెట్ కొనే ముందు

చి. కార్తీక్‌కి,

ఆశీస్సులు. డాలస్ దగ్గర వేలంలో సీ8 కార్వెట్ (షెవ్రొలే వాళ్ల స్పోర్ట్స్ కారు, ఎనిమిదో తరం) ఒకటి సగం ధరకే వస్తోందని రాశావు. సాల్వేజ్ టైటిల్ (ఇన్సూరెన్స్ కంపెనీ నష్టం కింద రాసేసిన బండి అని ముద్రపడిన యాజమాన్య పత్రం) అని కూడా రాశావు గానీ, ఇన్సూరెన్స్‌వాళ్లు దాన్ని ఎందుకు వదిలించుకుంటున్నారో రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. గుద్దుకున్న కారుకీ, దొంగలు ఎత్తుకెళ్లి వదిలేసిన కారుకీ, నీళ్లలో నానిన కారుకీ చాలాసార్లు కాగితం మీద పడే ముద్ర ఒకటే. ఇంటికి తెచ్చుకున్నాక మాత్రం మూడూ మూడు రకాల తలనొప్పులు.

కారు ఆ వేలం యార్డుకి ఎలా చేరుతుందో ముందు చెబుతాను. కారు పోయినా, నుజ్జయినా కంపెనీ ఆ రోజు మార్కెట్ విలువ లెక్కగట్టి, డిడక్టబుల్ (ఓనరు తానే భరించాల్సిన వాటా) తీసేసి ఓనరుకి చెక్కు ఇస్తుంది. టైటిల్ మీద సంతకం చేయించుకుంటుంది. అక్కణ్నుంచి కారు కంపెనీది. కంపెనీ దాన్ని కోపార్ట్, ఐఏఏ లాంటి వేలం సంస్థకి అప్పజెప్పి వేలం వేయిస్తుంది. 60 వేల డాలర్ల కారుకి 38 వేల రిపేరు పడిందనుకో. చేయించొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అదే కారు ఉన్నది ఉన్నట్టు వేలంలో 25 వేలు పలికేట్టయితే, ఓనరుకి 60 ఇచ్చి 25 రాబట్టుకున్నాక కంపెనీకి పడేది 35 మాత్రమే. రిపేరుకి దిగితే 38, పైగా విప్పాక బయటపడేవి, అద్దె కారు ఖర్చు అదనం. పాడైనా ధర పలికే బండి కాబట్టే స్పోర్ట్స్ కారు మామూలు కారుకన్నా చిన్న దెబ్బకే ‘టోటల్’ (బాగుచేయించడం దండగని కంపెనీ తేల్చేసిన బండి) అయిపోతుంది. బేరం దొరికేదీ అందుకే.

ముద్ర వేసింది ఏ రాష్ట్రమో చూడు. టెక్సాస్ చట్టంలో పెయింటింగ్ ఖర్చు కాకుండానే రిపేరు కారు విలువను దాటితే అది సాల్వేజ్. పక్కనున్న ఓక్లహోమాలో 60 శాతం దాటితే చాలు. టైటిల్ మీద ‘నాన్‌రిపేరబుల్’ అని ఉంటే మాత్రం ఇంకేం చూడకు. అది విడిభాగాలకే గానీ మళ్లీ రోడ్డెక్కదు.

ఇక కారు దగ్గరికి వద్దాం. గుద్దుకున్న సీ8లో దెబ్బ ఎంత పెద్దది అనేదానికన్నా ఎక్కడ తగిలింది అనేదే ముఖ్యం. కార్వెట్ పైతొడుగు ఇనుము కాదు, కాంపోజిట్ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్). అది సొట్టపడదు, పగులుతుంది. బంపరు, ఫెండరు ముక్కలై ఫొటోలో భయంకరంగా కనబడతాయి, కానీ అవి విప్పి మార్చేసే భాగాలు. అసలు ఎముకల గూడు అల్యూమినియం. అందులో ఇండియానాలోని బెడ్‌ఫర్డ్ ప్లాంటులో పోతపోసిన ఆరు పెద్ద భాగాలుంటాయి. ‘బెడ్‌ఫర్డ్ సిక్స్’ అంటారు. సస్పెన్షన్ నుంచి వచ్చే బలమంతా మోసేది ఇవే. పోత అల్యూమినియాన్ని మామూలు కారు ఛాసిస్‌లోని ఇనప కమ్మీని లాగినట్టు గొలుసులేసి లాగి సరిచేయడం కుదరదు. వంగే బదులు వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. ఆ పగులు కంటికి ఆనదు, రంగు ద్రావకం పూసి తుడిచి చూస్తే బయటపడుతుంది. పగిలితే ఆ భాగం మార్చాల్సిందే. అదీ అల్యూమినియం పనికి వేరే గదీ, వేరే పనిముట్లూ పెట్టుకున్న షాపులోనే. ఇనుము రుద్దిన గ్రైండర్‌తోనే దీన్నీ రుద్దితే ఆ ఇనప రజను అల్యూమినియంలో దిగబడి, తేమ తగలగానే అక్కణ్నుంచి తినేయడం మొదలెడుతుంది.

అందుకని వేలం ఫొటోల్లో ముందు చూడాల్సింది బంపర్లు కాదు, చక్రాలు. నాలుగు చక్రాలూ వాటి తొడుగు గుంటల్లో మధ్యన ఉన్నాయా? కుడి ముందు చక్రానికీ తలుపు వైపు అంచుకీ మధ్య ఉన్న సందు ఎడమవైపు సందుతో సరిపోల్చు. ఒకవైపు చక్రం వెనక్కి తోసుకుపోయి ఉంటే బలం సస్పెన్షన్ గుండా పోతభాగానికి చేరిందన్నమాట. రిమ్ము విరిగి, చక్రం వాలిపోయి ఉంటే ఆ లాట్ (వేలానికి పెట్టిన ఆ బండి) వదిలెయ్. ఇంజన్ వెనక కాబట్టి ముందు మూల దెబ్బ కొంత నయం. లైటూ, రేడియేటరూ, ఏసీ కండెన్సరూ పోతాయి, ఇంజన్‌కి తగలదు. వెనక గట్టిగా తగిలితే ఎగ్జాస్టు, ఇంజన్‌ని మోసే క్రేడిలు, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు అన్నీ అనుమానమే.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటొకటుంది. మామూలు కార్లకి రంగు మందం చూసే మీటరు పెట్టి, తిరిగి పెయింటు వేశారో లేదో చెప్పేస్తారు కదా. ఆ మామూలు మీటరుకి కింద లోహం ఉండాలి. కార్వెట్ తొడుగు మీద అది ఏమీ చూపదు. అమ్మేవాడు ‘మీటరు పెట్టి చూశాం, అంతా ఒరిజినలే’ అంటే నవ్వి ఊరుకో. చక్రం తొడుగు లోపలి ప్లాస్టిక్ విప్పించి, ప్యానెల్ వెనకవైపు టార్చి వేసి చూడు. ఫైబర్ అతుకూ, గట్టిపడిన కొత్త జిగురూ అక్కడ దాగవు.

ఎయిర్‌బ్యాగులు పేలి ఉంటే బ్యాగులతో లెక్క తీరదు. సీటు బెల్టులను బిగించే ప్రిటెన్షనర్లు, సెన్సర్లు, డాష్‌బోర్డు తొడుగు, కంట్రోల్ మాడ్యూల్ (వీటిని నడిపే చిన్న కంప్యూటరు) అన్నీ మార్చాలి. ఎవరో ముందే బాగుచేసిన కారు అయితే ఒక పరీక్ష చెయ్యి. ఇగ్నిషన్ ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని క్షణాలకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని చంపేశారన్నమాట. వెలిగి ఆరినా పూర్తిగా నమ్మకు. బ్యాగు లేని చోట ఒక చిన్న రెసిస్టరు తగిలించి మాడ్యూల్‌ని మోసగించడం తెలిసినవాళ్లున్నారు. కొత్త బ్యాగు కొన్న రసీదు, దాని మీది పార్టు నంబరు చూపించమను. ఎక్కడో చవగ్గా తెచ్చిన ఊరూపేరూ లేని ఇన్‌ఫ్లేటరు (బ్యాగులో గాలి నింపే భాగం) పేలినప్పుడు ఇనపముక్కలు ముఖానికే వస్తాయి. 2024లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలాంటి వాటి మీదే హెచ్చరిక ఇచ్చింది.

నీళ్లలో మునిగిన కారు గురించి నా మాట ఒక్కటే: వద్దు. సీ8 నేలకి ఐదు అంగుళాల పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లు అక్కర్లేదు, అడుగు లోతు చాలు సీట్ల కింద వైర్లన్నీ తడుస్తాయి. 2017లో హ్యూస్టన్‌లో హార్వీ తుఫాను వరద తర్వాత వేల కార్లు ఇలాగే వేలాలకి వచ్చాయి. ఇలాంటివాటిలో కొన్నిటి టైటిల్ రాష్ట్రాలు మారి, ముద్ర కడిగేసుకుని తిరుగుతుంది. అనుమానం వస్తే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. పైన శుభ్రం చేసినా రీలు లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టిగీత ఉండిపోతుంది. సీటు పట్టాల బోల్టు తలల మీద తుప్పు, కనెక్టరు విప్పితే ఆకుపచ్చ పొడి కనబడితే ఇంకేమీ అడక్కుండా వచ్చెయ్.

దొంగతనం కేసులోది నాకిష్టమైన బేరం. కాకపోతే జాగ్రత్త కూడా దానికే ఎక్కువ కావాలి. ఓనరుకి డబ్బిచ్చేశాక కారు దొరికితే అది కంపెనీకే వస్తుంది. చక్రాలు, సీట్లు, స్టీరింగు పీకేసి ఉంటారు, గూడు మాత్రం చెక్కుచెదరదు. పీకినవి కొని బిగించుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ దగ్గర మాత్రం తొందరపడకు. సీ8లోని మాడ్యూళ్లు ఆ కారుకే ముడిపడి ఉంటాయి. ఇంకో కారులోంచి పీకిన మాడ్యూల్ మామూలు పద్ధతిలో దీనికి ప్రోగ్రామ్ కాదు. కొత్తది కొని, డీలరు దగ్గరే కలపాలి. తాళాలు కూడా అక్కడే కొత్తగా చేయించి, పాతవాటిని చెరిపించు. ఎత్తుకెళ్లినవాడి జేబులో ఒకటి ఉండొచ్చు. పోలీసు రికార్డులో ‘దొంగిలించిన బండి’ అన్న నమోదు తీసేశారని రాతపూర్వకంగా తెచ్చుకో. లేకపోతే హైవే మీద నంబరు ప్లేటు చదివే కెమెరా నిన్ను దొంగగా పట్టిస్తుంది.

దీనికి తలకిందుల మోసం ఇంకొకటుంది. నుజ్జయిన కారు కాగితాలు, విన్ (కారు గుర్తింపు నంబరు) ప్లేటు వేలంలో కొని, అదే రంగు కారు ఒకటి దొంగిలించి, ఆ ప్లేటు ఆ దొంగ కారుకి తగిలిస్తారు. ‘బ్రహ్మాండంగా బాగుచేశాం’ అని అమ్ముతారు. పట్టుబడిన రోజు కారు అసలు ఓనరుకో, ఆయనకి డబ్బిచ్చిన కంపెనీకో పోతుంది. నీ డబ్బు నీళ్లపాలు. విన్‌లో 17 అక్షరాలుంటాయి, ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ రావు. 9వది లెక్క సరిచూసే అంకె, 10వది మోడల్ ఏడాది. అద్దం కింది నంబరు, తలుపు పక్క స్టిక్కరు, స్కానరు పెడితే రెండు మూడు మాడ్యూళ్లు చెప్పే నంబరు అన్నీ ఒకటే కావాలి. స్టిక్కరు అంచులు గోటితో తడిమి చూడు. పాత వేలం ఫొటోల్లో లోపలి లెదరు రంగు, కుట్టు దారం రంగు చూసి, ఎదురుగా ఉన్న కారుతో పోల్చు. ప్లేటు మార్చినవాడు కుట్టు దారం దాకా రాడు. ఇన్సూరెన్స్ మోసాలు పట్టే సంస్థ ఎన్‌ఐసీబీ వాళ్ల విన్‌చెక్ ఉచితం. ప్రభుత్వ టైటిల్ రికార్డయిన ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ రిపోర్టుకి కొద్ది డాలర్లు. రెండూ తీయించు.

వేలంలో ‘రన్ అండ్ డ్రైవ్’ అని ఉంటే రోడ్డెక్కుతుందనుకోకు. యార్డుకి వచ్చిన రోజు స్టార్టయి, గేరు పడి, సొంతంగా కదిలిందనే అర్థం. నీ బిడ్ మీద బయ్యర్ ఫీజు, గేట్ ఫీజు, టోయింగు, పన్ను ఉంటాయి, ఆలస్యమైతే రోజువారీ అద్దె కూడా. రీబిల్ట్ (సాల్వేజ్ బండిని బాగుచేసింది అన్న) ముద్ర ఉన్న కారు, ఏ ముద్రా లేని క్లీన్ టైటిల్ కారుకన్నా 20 నుంచి 40 శాతం తక్కువకే పోతుంది. ఆ ధరలోంచి విడిభాగాలు, కూలి తీసెయ్, బయటపడబోయేవాటికి ఇంకో పాతిక శాతం తీసెయ్. మిగిలింది నీ ఆఖరి బిడ్. మిగలకపోతే కంప్యూటరు మూసెయ్.

కాగితాల పని చిన్నదే. టెక్సాస్‌లో టైటిల్ దరఖాస్తు 130-యూ ఫారంతో పాటు రీబిల్ట్ స్టేట్‌మెంట్ వీటీఆర్-61, 65 డాలర్ల రుసుము. ఏ భాగం ఏ కారులోంచి తెచ్చావో ఆ కారు విన్‌తో సహా రాయాలి కాబట్టి ప్రతి రసీదూ దాచు. బాగుచేసినవాడే సంతకం పెడతాడు, సర్కారువాళ్లు వచ్చి వెల్డింగు చూడరు. 2025 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా లేదు. అందుకని గూడు కొలతలు కొలిచి ప్రింటు ఇచ్చే షాపులో నీ డబ్బుతోనే చూపించుకో. కుదరకపోతే ఇండియాకి పంపి అమ్మేద్దామన్న ఆలోచన పెట్టుకోకు, ఎడమచేతి స్టీరింగు పాత బండిని అక్కడ దిగనివ్వరు.

బిడ్ పెట్టకముందే నీ ఇన్సూరెన్స్‌వాళ్లకి ఫోన్ చేసి, రీబిల్ట్ కారుకి పూర్తి కవరేజ్ ఇస్తారో లేదో ఈమెయిల్లో రాయించుకో. చాలామంది లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కవరేజ్) మాత్రమే ఇస్తామంటారు. బ్యాంకు అప్పు కావాలంటే అదీ ముందే అడుగు. ఆ లాట్ ఫొటోలన్నీ ఈ రాత్రికే దించుకుని నాకు పంపు, అమ్ముడయ్యాక మళ్లీ దొరకకపోవచ్చు. నాలుగు చక్రాలవీ విడివిడిగా కావాలి.

బాబాయి