చిన్నోణ్ణి చూపించడానికి వెళ్ళే ముందు

శ్రీకాకుళం,
ఆదివారం.

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పిందాంట్లో సగమే నాకు అందింది. మిగతా సగం రాత్రి పడుకున్నాక అర్థమైంది. చిన్నోణ్ణి సైకాలజిస్టుకి చూపించమని బడివాళ్ళు చెప్పారు. అల్లుడుగారు "వాల్తేరు పిచ్చాసుపత్రికి తీసుకెళ్తావా గుంటణ్ణి, ఆడికేటి పిచ్చా?" అని ఎగిరారు. మీ అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. ఇంతే కదా? నోటితో చెబితే రేపటికి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువుకో.

తాయెత్తు సంగతి ముందు తేల్చేద్దాం. ఉండనీ. మొలకి తాయెత్తు ఉంటే టెస్టు చెడిపోదు. దానికోసం ఇంట్లో గొడవ పెట్టుకుంటే అసలు పనికి ఓపిక మిగలదు. చిల్లంగి, అంటే చేతబడి, అని చెప్పి వేపమండలతో బాదేవాడి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళనివ్వకు. అక్కడ గట్టిగా నిలబడు.

అల్లుడుగారికి నా మాటగా ఇది చెప్పు. పలాస వైపు పనిచేస్తున్నప్పుడు నా తరగతిలో ఒక పిల్లాడుండేవాడు, వాళ్ళమ్మ జీడి బట్టీలో పప్పు వొలిచేది. వాడు ఎక్కం చెబుతూ చెబుతూ "ఏడైదులు ముప్పై అయిదు" దగ్గర ఆగిపోయేవాడు. కళ్ళు గోడమీద, రెప్పలు సన్నగా కొట్టుకుంటూ. పది సెకన్లు అయ్యాక ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలెట్టేవాడు. నేను చాక్‌పీసు విసిరేదాన్ని. చేతిమీద బెత్తంతో కొట్టాను కూడా, ఒకసారి కాదు. పరధ్యానం అనుకున్నాను. రెండేళ్ళకి ఊరి పీహెచ్‌సీకి వచ్చిన కుర్ర డాక్టరు చూసి విశాఖ పంపిస్తే తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడ పెద్ద డాక్టరు ఓ కాగితం ముక్క పట్టుకుని దాన్ని ఊదుతూనే ఉండమన్నారు. రెండు నిమిషాలు దాటిందో లేదో, మా అందరి ఎదుటా వాడి కళ్ళు నిలబడిపోయాయి. అదొక రకం ఫిట్సు. కింద పడరు, నురగ రాదు, అందుకే ఎవరికీ తెలీదు. మాత్రలతో తగ్గింది. నేను కొట్టిన దెబ్బలు మాత్రం వెనక్కి రాలేదు. చూపించడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడం కాదని నాకు తెలిసొచ్చింది ఆ కాగితం ముక్క దగ్గరే.

ఇప్పుడు పని. యూట్యూబు చూసి నువ్వు "వాడికి ఏడీహెచ్‌డీ అత్తా" అన్నావు, అంటే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని లోపం. కావచ్చు, కాకపోవచ్చు. పేరు పెట్టడం నీ పని కాదు. నువ్వు ఆ పేరుతో గదిలోకి వెళ్తే, అడిగినదానికల్లా ఆ పేరుకి సరిపోయే జవాబే చెబుతావు. దాని బదులు నూరు పేజీల నోటుబుక్కు కొని రెండు వారాలు రాయి. ఎలాగంటే: "మంగళవారం, సాయంత్రం ఆరుంపావు. తెలుగు హోంవర్కు. పక్కన టీవీ లేదు. మూడు లైన్లు రాసి లేచాడు, నీళ్ళు తాగొచ్చాడు, మళ్ళీ లేచాడు. నేను అరిచాను. ఏడ్చాడు. చెల్లెలికి కథ చెప్పమంటే ఇరవై నిమిషాలు కదలకుండా చెప్పాడు." ముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు, అంతే. ఆ అల్లరి బడిలోనూ ఉందా, ఇంట్లోనేనా అన్నది వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి, ఆర్నెల్లు తగ్గకుండా ఉండాలి, ఒక్కచోట కాక రెండుచోట్లయినా కనబడాలి. బడిలో ముత్యంలా ఉండి ఇంట్లోనే చెలరేగితే కథ వేరు.

బడి నుంచి కూడా ఒక కాగితం రాయించు. నోటుపుస్తకాలు పట్టుకెళ్ళు, అయితే ఫెయిర్ కాపీలు కాదు, రఫ్‌వి. నువ్వు పంపిన ఫోటోలో వాడు మ రాయాల్సిన చోట య రాశాడు, ఒత్తులు మింగేశాడు. నోటితో కథ బాగా చెప్పేవాడు కాగితం ముందు తడబడుతున్నాడంటే కదలిక ఒక్కటే చూస్తే సరిపోదు, చదవడం కూడా చూడమని అడగాలి. అది నా ముప్పై నాలుగేళ్ళ అనుమానం, నా తీర్పు కాదు.

వెళ్ళే ముందు రెండు పనులు బేగి కానిచ్చేయ్. చెవులు, కళ్ళు. చిన్నప్పుడు వాడికి చెవి కారేది, గుర్తుందా? సరిగ్గా వినబడని పిల్లాడు మాట విననివాడిలాగే కనబడతాడు. జిల్లా ఆసుపత్రిలోనే ఆ పరీక్ష చేయించు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద పుట్టినప్పట్నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూడడానికి జిల్లా స్థాయిలో డీఈఐసీ అని ఒక కేంద్రం ఉంటుంది. విశాఖ వెళ్ళే ముందు విజయనగరంలో అక్కడ అడుగు.

పుట్టినతేదీ ఒకటి. మీ మామగారు బడిలో వేసేటప్పుడు జూన్ అని రాయించారు, వాడు పుట్టింది దసరా తర్వాత వచ్చే పైడితల్లి పండగ వారంలో, అంతకు ముందటేడు. ఈ టెస్టులు వయసుని నెలల్లో లెక్కేస్తాయి. ఎనిమిదేళ్ళ పిల్లాడు అన్ని చేస్తే మామూలు, తొమ్మిదిన్నరవాడు అంతే చేస్తే వెనకబాటు. కాగితం మీద ఏమున్నా అసలు తేదీ వాళ్ళకి చెప్పేయ్, లేకపోతే వాళ్ళు తేల్చే తెలివి అంకె తారుమారైపోతుంది.

ఎవరు చేస్తున్నారో కూడా చూసుకో. క్లినికల్ సైకాలజిస్టుకి పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, రిపోర్టు కింద సంతకం పక్కన వేస్తారు. అడగడానికి మొహమాటపడకు. సైకాలజిస్టు టెస్టులూ థెరపీ చేస్తారు, మందులు రాసేది సైకియాట్రిస్టు. మన బంధువుల్లో ఒకాయన కొడుక్కి ఒకచోట ఇరవై నిమిషాల్లో అంకె తేల్చి చేతిలో పెట్టారు, ఆ పిల్లాడికి ఆవేళ జ్వరం. ఆ చోటి పేరు చెప్పను గానీ, ఆ అంకె మూడేళ్ళు ఆ ఇంటిని పీడించింది.

ఇక ఆ రోజు. చీపురుపల్లిలో తెల్లారగట్ల పాసింజరెక్కించి, నిద్రకళ్ళతో తీసుకెళ్ళి కూర్చోబెట్టకు. ముందురోజు సాయంత్రమే వెళ్ళి పెందుర్తిలో మీ పిన్ని ఇంట్లో పడుకోండి. పొద్దున్న కడుపునిండా ఇడ్లీ పెట్టు. "బీచికి వెళ్తున్నాం" అని అబద్ధం చెప్పకు. "అక్కడ ఒకావిడ నీతో పజిల్స్ ఆడిస్తుంది, ప్రశ్నలడుగుతుంది, కొన్ని ఈజీ, కొన్ని కష్టం, ఎవరికీ అన్నీ రావు, సూది ఉండదు" అని చెప్పు. టెస్టు ఎలా చేసినా తర్వాత బీచి ఉంటుందని కూడా చెప్పు. ఆ మాట ముందే చెప్పాలి, బాగా చేస్తేనే అని ముడిపెట్టకూడదు.

లోపల ఏముంటుందంటావా? చెక్కపలకలో పది ఆకారాల గుంటలుంటాయి, ముక్కల్ని వాటిలో పెట్టించి టైము చూస్తారు. మూడుసార్లు పెట్టిస్తారు, తక్కువ పట్టినదే లెక్క. రంగుల దిమ్మలతో బొమ్మ చూసి అలాగే పేర్చమంటారు. అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటారు, తర్వాత వెనకనుంచి చెప్పమంటారు. నువ్వు ఇంట్లో ఇవి నేర్పించబోకు. నేర్పిస్తే కొలత పనికిరాదు, వెంటవెంటనే రెండోసారి చేయించడం కూడా అందుకే వద్దంటారు. ప్రశ్నలు తెలుగులో అడగమను. వాడు ఇంట్లో మాట్లాడేది మన యాస, బడిలో ఇంగ్లీషు. మాట తెలీక ఆగాడో, విషయం తెలీక ఆగాడో తేడా తెలియాలి.

నిన్ను విడిగా కూర్చోబెట్టి అడుగుతారు: గుండీలు పెట్టుకుంటాడా, స్నానం చేస్తాడా, ఒక్కడూ కొట్టుకెళ్ళి చిల్లర తెస్తాడా. ఉన్నదున్నట్టు చెప్పు. కొందరు తల్లులు సిగ్గుపడి అన్నీ చేస్తాడంటారు, కొందరు సదరం వైకల్య సర్టిఫికెట్టు మనసులో పెట్టుకుని ఏదీ చేయడంటారు. రెండూ పిల్లాడికే చేటు. పుట్టగానే ఏడ్చాడా, పసిరికలు (కామెర్లు) ఎన్నాళ్ళున్నాయి, ఫిట్సు వచ్చాయా, నడక, మాట ఎప్పుడు, ఇవి మీ అమ్మనడిగి నోటుబుక్కు చివరి పేజీలో రాసుకెళ్ళు.

రిపోర్టులో ఐక్యూ అని ఒక అంకె ఉంటుంది. నూరు సగటు. డెబ్భైకి తగ్గినంత మాత్రాన బుద్ధిమాంద్యం అనరు, రోజువారీ పనుల్లో కూడా వెనకబాటు ఉంటేనే అంటారు. మా ట్రైనింగులో చెప్పారు, 1905లో ప్యారిస్‌లో బినే మొదటి టెస్టు తయారుచేసింది ఏ పిల్లలకి బడిలో ఎక్కువ సాయం కావాలో కనిపెట్టడానికట. పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి కాదు. కాబట్టి అంకె చూసి ఆగిపోకుండా వాళ్ళని ఇదడుగు: "సోమవారం పొద్దున్నుంచి ఇంట్లో నేనేం మార్చాలి? బడిలో టీచరు ఏం మార్చాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి?" వీటికి జవాబు లేకుండా లేచి రాకు.

చదవడంలో లోపం అని తేలితే దానికి మాత్ర లేదు. రోజూ కొంతసేపు వేరే పద్ధతిలో నేర్పించాలి, అదే మందు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో అదీ ఉంది, కాబట్టి పబ్లిక్ పరీక్షల నాటికి అదనపు సమయం లాంటివి అడగొచ్చు. ఎనిమిదేళ్ళు నిండాకే ఆ సర్టిఫికెట్టు ఇస్తారు. ఏడీహెచ్‌డీ అని తేలి మందు రాస్తే, భయపడి నీ అంతట నువ్వు ఆపేయకు. ఆకలి తగ్గొచ్చు, అందుకే బరువూ ఎత్తూ చూస్తుంటారు, టిఫిన్ పెట్టాక వేయమంటే అలాగే వెయ్.

మందున్నా లేకపోయినా ఇల్లు మారాలి. ఒక గాజు సీసా పెట్టు. వాడితో కలిసి మూడే మూడు పనులు ఎంచుకోండి, పది కాదు. చేసిన వెంటనే ఒక చింతపిక్క సీసాలో పడాలి, రాత్రికి లెక్కేసి ఇస్తానంటే వాడికి అందదు. ఇరవై పిక్కలకి నాన్నతో బండిమీద చెరువుగట్టు దాకా షికారు. వేసిన పిక్క తప్పు చేశాడని వెనక్కి తీయొద్దు, ఎంత కోపమొచ్చినా సరే. మొదటి వారం నీకే విసుగొస్తుంది. వంటింట్లోంచి కేకేసి చెప్పకు, దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి ఒక్క పనే చెప్పు.

పెద్దదాని సంగతి ఫోన్లో ఒక్క ముక్కలో దాటేశావు. నాకు చిన్నోడికన్నా అదే బెంగ. హాస్టల్లో అన్నం మానేస్తోంది, నిద్రపట్టడంలేదు, ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ" అంటోంది, నెలయింది. ఈసారి ఇంటికొచ్చినప్పుడు మార్కుల మాటెత్తకు. పక్కన పడుకుని సూటిగా అడుగు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదైతే బయటికొస్తుంది. అవునంటే తిట్టకు, ఒంటరిగా వదలకు, కొట్టాంలో పురుగుల మందు డబ్బా ఉంది కదా, అది ఆ పూటే ఊరవతల పారేయించు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. 14416 కి ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీపగలూ, డబ్బులేం లేవు. డాక్టరు దానితో ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చో. ఇంటికొచ్చాక "ఏం చెప్పావే?" అని గుచ్చకు. ప్రాణానికి ముప్పు ఉన్న మాటైతే వాళ్ళే నీకు చెబుతారు.

అల్లుడుగారు ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్, నేనే మాట్లాడతాను. చింతపిక్కలు మన పెరటి చెట్టువే, కడిగి ఆరబెట్టి మూట కట్టాను. బుధవారం బొబ్బిలి వెళ్ళే మీ బావ చేత పంపిస్తున్నాను.

మీ అత్త