వాకిలి ఎటువైపు ఉందో రాయి

తమ్ముడూ,

పద్దెనిమిదో శతాబ్దంలో ఆస్ట్రియాను ఏలిన రెండో జోసెఫ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది. చిక్కల్లా, మనిషిని రెండు ముక్కలు చేశావు. ముందు సగంలో మతసహనం చూపిన ఉదార చక్రవర్తి, వెనక సగంలో రాజ్యమంతా రాజధాని వియన్నా గుప్పిట్లో పెట్టుకోబోయి దెబ్బతిన్న మొండిఘటం. ఈ ఇద్దరూ ఒక్కడేనని తెలియాలంటే విశేషణాలు పక్కనబెట్టి ఆయన ఉత్తర్వుల్లోకి దిగాలి.

1781 అక్టోబరు నాటి సహన శాసనాన్నే తీసుకో. లూథరన్లు, కాల్వినిస్టులు, గ్రీకు ఆర్థడాక్సులు, అంటే కాథలిక్కులు కాని క్రైస్తవులు, తమ పద్ధతిలో ప్రార్థన చేసుకోవచ్చన్నాడని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథ షరతుల్లో ఉంది. నూరు కుటుంబాలుంటే ప్రార్థనామందిరం కట్టుకోవచ్చు. కానీ దానికి శిఖరం ఉండకూడదు, గంట ఉండకూడదు, వాకిలి వీధివైపు ఉండకూడదు. దారినపోయేవాడికి అది చర్చి అని తెలియకూడదన్నమాట. లోపల ఎవరి దేవుడు వాళ్ళకు, వీధి మాత్రం కాథలిక్కులది. ఆ గోడ ముందు పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టు. వాకిలెక్కడో వెతుక్కోనీ.

1782 జనవరిలో వియన్నా యూదులకిచ్చిన ఉత్తర్వూ ఇదే తీరు. ఒంటి మీద ధరించాల్సిన గుర్తులూ, మనిషికింత అని వసూలు చేసే సుంకమూ ఎత్తేశాడు. చదువులకు దారి తెరిచాడు. బహిరంగంగా తమ ప్రార్థనామందిరం, సినగాగ్, నడుపుకుంటామంటే మాత్రం ఒప్పుకోలేదు. వ్యాపార పత్రాలు హీబ్రూలో రాయొద్దన్నాడు. 1787లో ప్రతి యూదుడూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకుని తీరాలన్నాడు. దయ ఒక్కటే అయితే ఈ చివరిదానితో పనేముంది? ఆయనకు కావలసింది దస్త్రానికి అందే ప్రజ, పన్ను కట్టే ప్రజ, రాజ్యానికి పనికొచ్చే ప్రజ. ప్రార్థనకే అంకితమైన మఠాలను పనికిరానివని మూయించి, ఆ ఆస్తిని కొత్త పారిష్‌లకు, అంటే ఒక్కో ఫాదరీ చూసుకునే చర్చి పరిధులకు, మళ్ళించిందీ ఈ లెక్కతోనే. ఆ పారిష్ ఫాదరీలే వేదిక మీంచి సర్కారు ఉత్తర్వులు చదివి వినిపించాలి!

1782లో పోప్ ఆరో పయస్ స్వయంగా వియన్నా వచ్చిన ఘట్టానికి అన్ని పేజీలెందుకు? ఆయన సాధించుకు వెళ్ళింది పెద్దగా ఏమీ లేదు, రెండు వాక్యాలు చాలు. ఆ చోటు 1784లో జోసెఫ్ వాడమన్న శవపేటికకు ఇవ్వు. అడుగున తెరుచుకునే పేటిక, సంచిలో చుట్టిన శవం. శవం గోతిలోకి, పేటిక మళ్ళీ వాడకానికి. కలప పొదుపు! జనం మండిపడితే మరుసటి ఏడాదే వెనక్కి తగ్గాడు. ప్రజల మేలు వాళ్ళకంటే తనకే బాగా తెలుసనుకున్న రాజును చూపడానికి ఇంతకంటే మంచి వస్తువు నీకు దొరకదు.

ఆయన ఏలుబడిలోనే ఉన్న హంగరీ భాగం కూడా సరిచూసుకో. పాలనాభాషగా జర్మన్ పెట్టడం, హంగరీ రాజుల పవిత్ర కిరీటాన్ని వియన్నాకు తెప్పించుకోవడం, రెండూ 1784లోనే. 1790 జనవరిలో, మంచాన పడి, అక్కడి సంస్కరణలు చాలామటుకు తనే రద్దు చేశాడు. ఫిబ్రవరి 20న పోయాడు. ‘అన్నీ కూలిపోయాయి’ అని రాశావే, అది తప్పు. సహన శాసనాన్నీ, రైతులకిచ్చిన స్వేచ్ఛనూ, పారిష్ ఏర్పాట్లనూ ఆ రద్దులోనూ ఆయన ముట్టుకోలేదు. చావుబతుకుల్లో ఏది వదులుకున్నాడు, ఏది పట్టుకున్నాడు అన్న దగ్గర నీ వ్యాసం మొదలుపెట్టి చూడు.

అక్బరుతో పోలిక తీసెయ్. జనాభా లెక్క కోసం ఇంటింటికీ నంబరు వేయించిన రాజు కథ ఇది, దాన్ని దాని ఊళ్ళోనే ఉండనీ. తిరగరాశాక పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య