హాఫ్‌ట్రాక్ చూడ్డానికి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే ఆదివారం మున్‌స్టర్ ట్యాంకు మ్యూజియానికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది.

ముందు టికెట్ సంగతి. జర్మనీలో దాదాపు ఒకే పేరుతో రెండు ఊళ్ళున్నాయి. యు అక్షరం మీద రెండు చుక్కలున్నది వెస్ట్‌ఫాలియాలోని పెద్ద నగరం. పొరపాటున అక్కడికి పోతే రోజంతా వృథా. నీకు కావాల్సింది చుక్కలు లేని చిన్న ఊరు. హానోవర్ నుంచి యూల్ట్సెన్ దాకా వెళ్ళి అక్కడ రైలు మారొచ్చు.

లోపలికి వెళ్ళగానే జనమంతా పెద్ద ట్యాంకుల చుట్టూ మూగుతారు. నువ్వు ముందు హాఫ్‌ట్రాక్ దగ్గరికి వెళ్ళు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల్ని మోసిన బండి అది. దాని నంబరు 251. ముందు లారీలా చక్రాలు, వెనక ట్యాంకులా చైన్లు. నువ్వుంటున్న హానోవర్‌తో దానికి దగ్గరి సంబంధం ఉంది, అక్కడి లిండెన్‌లోని హానోమాగ్ కంపెనీ ఛాసీ (అడుగు చట్రం) మీద కట్టిన బండి. యుద్ధకాలంలో అన్ని రకాలూ కలిపి 15,000కు పైగా తయారయ్యాయి.

నిలబడి చూస్తే ఏమీ తెలియదు. గొంతుక్కూర్చో. నేను సైన్యంలో బళ్ళు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో 24 ఏళ్ళు చైన్ల బళ్ళ కింద పడుకుని పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ బండి అసలు కథంతా కిందే ఉంది. మామూలు చైన్లలో లింకుకీ లింకుకీ మధ్య ఉత్త ఇనప పిన్ను ఉంటుంది. ఇందులో అలా కాదు. ప్రతి కీలులో సూదుల్లాంటి సన్నటి కడ్డీలున్న నీడిల్ బేరింగులు, వాటికి నూనె, బయటకి కారకుండా సీళ్ళు, నేలకి తగిలే చోట రబ్బరు ప్యాడ్. అందుకే రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్ల వేగం అందుకునేది. కానీ ఇన్ని కీళ్ళకీ బురదలో, మంచులో ఎవరు నూనె పట్టిస్తారు? ఆ చైను చూసినప్పుడల్లా ఆ మెకానిక్కుల చేతులే గుర్తొస్తాయి నాకు.

అక్కడే చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు వరసగా కనిపిస్తాయి. బరువు సమంగా పడాలని అలా పెట్టారు. లోపలి చక్రం పాడైతే దానికి అడ్డొచ్చే బయటి చక్రాలన్నీ విప్పాల్సిందే. రష్యా చలికి వాటి మధ్య ఇరుక్కున్న బురద రాయిలా గడ్డకట్టేది. ముందు చక్రాలకి ఇంజను శక్తి అందదు, అవి దారి తిప్పడానికే. స్టీరింగ్ బాగా తిప్పితే లోపలి వైపు చైనుకి బ్రేకు పడుతుంది.

తర్వాత లేచి బండి వెనక్కి వెళ్ళు. రేకు మధ్యలో విరిగినట్టు ఉబ్బి ఉంటే పాత మోడల్. ఒకే ఏటవాలుగా ఉంటే 1943 తర్వాత పని తగ్గించుకోవడానికి మార్చినది. ఇంకే మ్యూజియంలోనైనా ఇలాంటి బండి కనిపిస్తే ఇంజను ఏదో అడుగు. యుద్ధం తర్వాత చెకొస్లొవేకియాలో ఇదే రూపంలో ఓటీ-810 అనే బండి తయారైంది. దానికి టాట్రా డీజిల్ ఇంజను, పైకప్పు ఉండేవి. చాలాచోట్ల కప్పు తీసేసి దాన్నే జర్మన్ బండిలా చూపిస్తుంటారు. అసలుదానికి మేబాక్ పెట్రోలు ఇంజను, 6 సిలిండర్లు.

పైన కప్పు లేదు, చూశావా? పక్క రేకు మందం 8 మిల్లీమీటర్లు, నీ పెన్సిల్ కంటే కాస్త ఎక్కువ. తుపాకీ గుళ్ళని ఆపేది, అంతే. అందులో పదిమంది కుర్రాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. దాదాపు నీ వయసువాళ్ళే.

ఇంకో మాట. 1945 ఫిబ్రవరిలో నాజీల ఆష్విట్స్ మారణశిబిరానికి చెందిన ఒక ఉపశిబిరం నుంచి ఖైదీలని తెచ్చి, హానోమాగ్ పని కోసం మీ ఊరి మ్యూలెన్‌బెర్గ్‌లో శిబిరం పెట్టారు. ఆ బండి పక్కన నవ్వుతూ సెల్ఫీ మాత్రం దిగకు తల్లీ.

నాకు చైను లింకు ఫొటో దగ్గరగా తీసి పంపు. రబ్బరు ప్యాడ్ ఎంత అరిగిందో కనపడాలి.

మీ పెదనాన్న