అనిమేలో సిలువలు బోలెడు, క్రైస్తవులు మాత్రం కొందరే

"మాది చర్చికి వెళ్లే కుటుంబం. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి జపాన్ అనిమే (అక్కడి యానిమేషన్ సిరీస్‌లు, సినిమాలు) తెగ చూస్తున్నాడు. అందులో క్రైస్తవ పాత్రలు, క్రైస్తవ విషయాలు ఉంటాయా?" అని అడిగారు.

ఉంటాయండి. నేనూ గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పెరిగినవాణ్ణే. ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ హార్డ్ డిస్క్ పుణ్యమా అని ఈ అలవాటు పట్టుకుంది, ఉద్యోగం వచ్చినా వదల్లేదు. ఇన్నేళ్లుగా చూస్తూ నాకు అర్థమైంది ఇది: సిలువలు ఎక్కడ పడితే అక్కడ కనబడతాయి, సిలువ వేసుకున్న ప్రతివాడూ విశ్వాసి కాదు. నిజంగా ప్రార్థన చేసుకునే మనిషి కావాలంటే కథ ఏ ఊళ్లో జరుగుతోందో చూడండి. నాగసాకి వైపు జరిగితే దొరికే అవకాశం ఎక్కువ.

అలంకారానికి పెట్టిన సిలువలకి 1995 నాటి భారీ రోబోల సిరీస్ 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్'ని మించింది లేదు. పేలుడు జరిగితే మంట సిలువ ఆకారంలో లేస్తుంది. భూమి అడుగున ఒక భారీ తెల్లటి శరీరాన్ని సిలువకు కొట్టి ఉంచుతారు. ఆదాము, యూదుల పాత కథల్లోని లిలిత్, మృత సముద్రపు గ్రంథపు చుట్టలు, యేసు ప్రక్కలో పొడిచిన ఈటె, అన్నీ ఉంటాయి. మూడు సూపర్ కంప్యూటర్లకైతే తూర్పు దేశపు జ్ఞానుల పేర్లే పెట్టేశారు. మా రూమ్మేట్ హిందువు. సీను సీనుకీ పాజ్ కొట్టి "ఇది మీ బైబిల్లో ఉందా?" అని పాస్టరు గారిని అడిగినట్టు నన్ను అడిగేవాడు. దానికి జవాబు ఆ సిరీస్‌కి అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసిన కజుయా త్సురుమాకి ఇచ్చాడు. భారీ రోబోల కథలు అప్పటికే చాలా ఉన్నాయి కాబట్టి తమది వేరుగా కనబడాలని ఆ గుర్తులు వాడామని, క్రైస్తవం జపాన్‌లో అరుదు కనుక అవి కొత్తగా ఉంటాయనుకున్నామని, వాటి వెనక క్రైస్తవ అర్థమేమీ లేదని ఆయన చెప్పుకొచ్చాడు.

దీనికి నొచ్చుకోవాల్సిన పనిలేదు. జపాన్ జనాభాలో క్రైస్తవులు ఇంచుమించు ఒక్క శాతం. మనకి చర్చి అంటే పక్క వీధిలో ఆదివారం మైకు వినబడే చోటు. అక్కడ చాలామందికి అది విదేశీ సినిమాల్లో చూసే కట్టడం, లేదంటే తెల్ల గౌను వేసుకుని పెళ్లి చేసుకునే హాలు.

ఈ తేడా బాగా తెలియాలంటే షినిచిరో వతనబే అనే ఒక్క దర్శకుడి మూడు సిరీస్‌లు వరసగా చూస్తే చాలు. 1998 నాటి 'కౌబాయ్ బీబాప్' అయిదో ఎపిసోడ్‌లో పాత శత్రువులిద్దరూ తలపడేది ఒక చర్చిలో. రంగుటద్దాల కిటికీ పగిలి హీరో కిందికి పడిపోతాడు, వెనక ఒక పాట. చూడ్డానికి అద్భుతం, కానీ అక్కడ చర్చి ఫైటింగ్ సెట్టింగ్ మాత్రమే.

2004 నాటి 'సమురాయ్ చాంప్లూ'కి వచ్చేసరికి సంగతి మారుతుంది. ఫూ అనే అమ్మాయి ఇద్దరు కత్తివీరుల్ని వెంటేసుకుని "పొద్దుతిరుగుడు పూల వాసన వచ్చే సమురాయ్" కోసం ఊళ్లు తిరుగుతుంది. ఆ మనిషి వెనక క్రైస్తవుల కథ ఉంటుంది, ప్రయాణం వెళ్లి ఆగేది నాగసాకి దగ్గర ఇకిత్సుకి ద్వీపంలో. ఇది అల్లిన ఊరు కాదు. అధికారులకు తెలియకుండా విశ్వాసాన్ని దాచుకున్న క్రైస్తవులు నిజంగానే ఆ ద్వీపంలో ఉండేవారు.

ఈ చరిత్ర కొంచెం తెలిస్తే కథ ఇంకా బాగా పట్టుకుంటుంది. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్ చేరాడు. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేసి చంపారు. 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. 1637-38లో షిమాబారాలో రైతులు తిరగబడితే ఆ తిరుగుబాటును నెత్తురుతో అణిచేశారు. అనుమానం వచ్చినవాళ్ల చేత యేసు, మరియమ్మల బొమ్మల్ని కాలితో తొక్కించేవారు. దాంతో మిగిలినవాళ్లు బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే కన్నన్ విగ్రహంలోనే మరియమ్మను చూసుకుంటూ, ఫాదర్లు లేకుండా, తమలో తామే బాప్తిస్మాలు ఇచ్చుకుంటూ తరాలు గడిపారు. 1865లో నాగసాకిలోని ఓరా చర్చికి కొందరు గ్రామస్థులు వచ్చి, మా విశ్వాసమూ మీదేనని ఫ్రెంచి ఫాదర్‌కు చెప్పి, మరియమ్మ విగ్రహం ఎక్కడుందని అడిగారు. నిషేధం పోయింది 1873లో.

ఆ నేల మీద పుట్టిన పాత్రే నాకు అన్నిటికంటే ఇష్టమైన సెంతారో. 2012లో వతనబే తీసిన 'కిడ్స్ ఆన్ ది స్లోప్' కథ 1966లో, నాగసాకి జిల్లాలోని ససేబోలో జరుగుతుంది. అమెరికా నౌకాదళం మకాం ఉన్న ఊరది. సెంతారో మిశ్రమ సంతానం, స్కూల్లో అందరూ జడిసే రౌడీ, జాజ్ డ్రమ్స్ వాయిస్తాడు, మెడలో జపమాల ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్తాడు, తర్వాత తన్నులాటకీ వెళ్తాడు. అతని విశ్వాసాన్ని కథ వేళాకోళం చేయదు, ప్రసంగమూ చేయదు. మా సంఘంలో యూత్ మీటింగుకి వచ్చే సగంమంది ఇలాంటివాళ్లే కాబట్టేమో, అతను నాకు పరాయివాడిలా అనిపించలేదు. చివరికి అతనేమవుతాడో చెప్తే మజా పోతుంది. పన్నెండే ఎపిసోడ్లు, చూసేయండి.

నాగసాకికి బయట కూడా మంచి పాత్రలు లేకపోలేదు. 'ట్రైగన్'లో వుల్ఫ్‌వుడ్ అనే ఫాదర్ మోసే పెద్ద సిలువ నిండా తుపాకులే. వేషానికి అతనూ ఇవాంజెలియన్ జాతే అనిపిస్తాడు. కానీ ఎవరినీ చంపనని పట్టుబట్టే హీరోకీ, పిల్లల్ని కాపాడాలంటే కొన్నిసార్లు చంపక తప్పదనే ఇతనికీ మధ్య సాగే వాదన అసలైన పాపభారం గురించే. 2004లోనే వచ్చిన 'మరియా సమా గా మితేరు' ఒక క్యాథలిక్ బాలికల స్కూలు కథ. మన కాన్వెంట్లలో లాగే అక్కడా చదివే పిల్లలందరూ క్రైస్తవులు కారు. షిమాకో అనే అమ్మాయి సిస్టర్ అవ్వాలనుకుంటుంది, వాళ్ల నాన్నేమో బౌద్ధ గుడిలో పూజారి. ఈ విషయం బయటపడితే ఏమవుతుందోనని ఆ పిల్ల పడే టెన్షన్ మన ఊళ్లలో చాలా ఇళ్లకు తెలిసిందే.

పెద్దవాళ్లకైతే సతోషి కోన్ తీసిన 'టోక్యో గాడ్‌ఫాదర్స్' చెప్తాను. 2003 సినిమా. ఇల్లూ వాకిలీ లేని ముగ్గురికి క్రిస్మస్ రాత్రి చెత్తలో పసిబిడ్డ దొరుకుతుంది. సినిమా మొదలయ్యేదే చర్చిలో పిల్లలు వేసే క్రీస్తు జనన నాటకంతో. నేను చూసిన క్రిస్మస్ సినిమాల్లో ఇదే మేలైంది.

ఇక నేరుగా బైబిల్ కథలే కావాలంటారా, బహుశా మీ ఇంట్లో ఇప్పటికే చూసేసి ఉంటారు. సండే స్కూల్లో మాకు సీడీలు వేసి చూపించిన పాత 'సూపర్‌బుక్', 'ఫ్లయింగ్ హౌస్' రెండూ జపాన్ అనిమేలే. 'స్పీడ్ రేసర్' తీసిన తత్సునోకో స్టూడియో 1980ల మొదట్లో అమెరికాలోని సీబీఎన్ అనే క్రైస్తవ ప్రసార సంస్థతో కలిసి చేసింది. అనిమే చూడొద్దని కేకలేసే మా అమ్మే వాటిని పక్కన కూర్చోబెట్టి మరీ చూపించింది! ఆస్ట్రో బాయ్ సృష్టికర్త ఒసాము తెజుకా కూడా వాటికన్ కోరిక మీద పాత నిబంధన కథలు మొదలుపెట్టాడు. ఆయన 1989లో పోయాక స్టూడియోవాళ్లు పూర్తిచేశారు.

మీ అబ్బాయి వయసుకి 'కిడ్స్ ఆన్ ది స్లోప్'తో మొదలుపెట్టి మీరూ పక్కన కూర్చోండి. 'చాంప్లూ'లో నెత్తురు, వేశ్యావాటికలు ఉంటాయి, ఒకట్రెండేళ్లు ఆగినా నష్టం లేదు. 'ఇవాంజెలియన్' చివరి భాగాలు మనసును బాగా కుంగదీస్తాయి, ఇంటర్ దాటాక చూడమనండి. ఇస్కరియోతు పేరు పెట్టుకున్న వాటికన్ రహస్య దళం, కత్తులు విసిరే ఫాదరూ ఉన్న 'హెల్సింగ్' మాత్రం ఇప్పట్లో వద్దు. అందులో క్రైస్తవం పేరుకే, మిగతాదంతా నరుకుడే.