డిస్టోపియన్ (అంటే పాడైపోయిన భవిష్యత్తు లోకాన్ని చూపించే) యాక్షన్ సినిమాల్లో అన్ని రకాల మనుషులూ ఉండాలా, కథ బాగుంటే చాలదా?

ఉండాలండి, ఎందుకంటే ఈ జానర్‌లో కథంతా ఎవరు ఎవర్ని తొక్కేస్తున్నారు అన్నదాని మీదే నడుస్తుంది, మరి బయట నిజంగా నలిగిపోయేవాళ్ల మొహాలే తెర మీద లేకపోతే ఎట్లా.

2012లో హంగర్ గేమ్స్ వచ్చినప్పుడు రూ అనే చిన్నపిల్లగా అమాండ్లా స్టెన్‌బర్గ్ వేసింది, నవల్లోనే ఆ పిల్లది ముదురు గోధుమ రంగు చర్మం అని ఉంది, అయినా నల్లపిల్లని పెట్టారేంటని ట్విట్టర్‌లో కొందరు గొడవ చేశారు, అంటే రాసున్నది చదివి కూడా తెల్లపిల్లనే ఊహించుకున్నారన్నమాట, నాకైతే చాలా బాధేసింది. అదే 2015 మ్యాడ్ మ్యాక్స్‌ ఫ్యూరీ రోడ్‌లో చూడండి, ఫ్యూరియోసా అనే హీరోయిన్‌కి ఒక చెయ్యి ఉండదు, దానికి జాలి డైలాగులేం పెట్టలేదు, ట్యాంకర్ నడిపేది ఆవిడే, చేస్తే ఇట్లా చెయ్యాలి.

మనకి 2024లో కల్కి వచ్చింది. అందులో పైన కాంప్లెక్స్ అనే పెద్దోళ్ల లోకంలో అన్నీ ఉంటాయి, కింద కాశీలో జనం నీళ్లకి కూడా అల్లాడతారు. బెజవాడలో చూసొచ్చి మేమంతా గ్రాఫిక్స్ గురించే మాట్లాడుకున్నాం గానీ ఆ కిందోళ్లలో ఎవరిది ఏ కులం, ఏ పని అని ఎవరం అడగలేదు. మన దేశంలో అణిచివేత కథ చెప్తూ కులం ఊసెత్తకపోతే సగమే చెప్పినట్టు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల ఇంటి అమ్మాయి, మన యాసలోనే మాట్లాడుతూ, అట్లాంటి సినిమాలో మెయిన్ లీడ్‌గా రావాలని నాకు గట్టిగా ఉంది.