పరీక్షకు పెట్టిన సంతకం స్టెంటుకూ చెల్లుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 61 ఏళ్లు, కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. చాలా కాలంగా ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. నడిస్తే గుండె పట్టేసినట్టు ఉంటోందంటే గత సంక్రాంతి తర్వాత ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. యాంజియోగ్రామ్‌లో ఒక రక్తనాళం మధ్యస్థంగా పూడినట్టు కనిపించిందని, అది ఎంత తీవ్రమో తేల్చడానికి ఒక మందు ఎక్కించి కొలిచారట. మందు వెళ్తుండగానే ఆయనకు ఊపిరి అందలేదు. మందు ఆపి నెబ్యులైజర్ పెట్టారు. కాసేపటికి బయట ఉన్న నన్ను పిలిచి, స్టెంటు వేయాలని చెప్పి సంతకం తీసుకున్నారు. తర్వాత రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. మూడు లక్షలకు పైగా మేమే కట్టాం. ఇప్పుడు అడిగితే ‘అన్నిటికీ సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. కేసు షీటు ఇవ్వడం లేదు. పోలీసు కేసు పెట్టమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ లేఖలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. ఉబ్బసం ఉన్న మనిషికి ఆ మందు ఇవ్వడం ఒకటి. మీ సంతకంతో మీ నాన్నగారికి స్టెంటు వేయడం మరొకటి. రెండింటికీ చట్టం వేరు, సాక్ష్యం వేరు. వీటిని విడదీయకుండా వినియోగదారుల కమిషన్‌కు వెళితే బలమైనది కూడా బలహీనమైనదానితో పాటు కొట్టుకుపోతుంది.

ముందు మందు సంగతి. యాంజియోగ్రామ్ రక్తనాళం ఎక్కడ సన్నబడిందో చూపిస్తుంది కానీ, దానివల్ల గుండె కండరానికి రక్తం ఎంత తగ్గుతోందో కచ్చితంగా చెప్పలేదు. కాలువలో పూడిక ఉన్నా మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. దాళ్వా నాట్లకు ప్రతి చేనూ నీరు అడిగినప్పుడే శివారు రైతుకు దాని సంగతి తెలుస్తుంది. గుండెలోనూ ఆ పరిస్థితిని కల్పించడానికే రక్తనాళాలను విప్పార్చే అడినోసిన్ లాంటి మందు ఇస్తారు. పూడికను దాటించి సన్నని ప్రెషర్ వైరు పెట్టి, పూడికకు అవతల ఉన్న పీడనాన్ని ఇవతలి పీడనంతో పోలుస్తారు. ఆ నిష్పత్తిని ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంటారు. అది 0.80 లేదా అంతకంటే తక్కువైతే స్టెంటు వల్ల ప్రయోజనం ఉంటుందని, ఎక్కువైతే సాధారణంగా మందులతో సరిపోతుందని గుండె వైద్యులు పాటించే లెక్క. కాబట్టి ఈ పరీక్ష చేయడం తప్పు కాదు. అనవసరమైన స్టెంట్లను తప్పించే మంచి పరీక్ష అది.

అడినోసిన్ ఎక్కుతుండగా ముఖం వేడెక్కడం, ఛాతీ బరువెక్కడం, కాసేపు ఊపిరి ఆడనట్టు అనిపించడం చాలామందికి జరిగేదే. రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికి పది సెకన్లు కూడా పట్టదు కాబట్టి, ఆపిన కొద్దిసేపటికే ఆ ఇబ్బంది పోతుంది. అంతవరకే జరిగి ఉంటే మీకు కేసు లేదని చెప్పేవాడిని. అయితే ఉబ్బసం ఉన్నవారిలో ఈ మందు శ్వాసనాళాలు బిగుసుకుపోయేలా చేయగలదు. ఈ హెచ్చరిక మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. నెబ్యులైజర్ పెట్టాల్సి రావడం, రెండు రోజుల ఐసీయూ చూస్తే ఇది మామూలు ఇబ్బంది కాకపోవచ్చు.

ఇక్కడ అసలు ప్రశ్న ఒక్కటే: ఉబ్బసం ఉందా అని మందుకు ముందు అడిగారా, మీరు చెప్పారా? ఈ పరీక్షకు ముందు టీ, కాఫీ మానమంటారు. ఉబ్బసానికి మన పల్లెల్లో బాగా వాడే డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు వాడుతున్నారేమో కనుక్కుంటారు. అవి అడినోసిన్ పనిని అడ్డుకుంటాయి. ఆ ప్రశ్న అడిగి ఉంటే ఉబ్బసం సంగతి దానంతట అదే బయటపడేది. చేరిన రోజు రాసిన కేసు షీటులో ‘ఉబ్బసం’ అని ఉండి కూడా ఎక్కించారంటే వారు జవాబు చెప్పుకోవాల్సిందే. ‘లేదు’ అని రాసి ఉంటే, మీరు చెప్పారని మీరు రుజువు చేయాలి. పాలకొల్లులో చూపించుకున్న పాత చీటీలు, ఇన్‌హేలర్ కొన్న మందుల షాపు బిల్లులు అన్నీ ఒక చోట చేర్చండి. ‘ఉబ్బసం అదుపులోనే ఉంది, పిల్లికూతలు లేవని చూసే ఇచ్చాం’ అని ఆసుపత్రి వాదించవచ్చు, అది తేలిగ్గా తీసిపారేయదగిన వాదన కాదు. అందుకే ఆసుపత్రితో సంబంధం లేని గుండె వైద్యుడి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. అడినోసిన్ ఇవ్వకుండా విశ్రాంతి స్థితిలోనే పీడనం కొలిచే పద్ధతులూ ఉన్నాయి. ఈ రోగి విషయంలో వాటిని ఎందుకు ఎంచుకోలేదని ఆయనను తప్పకుండా అడగండి.

ఇక స్టెంటు. నా దృష్టిలో మీ బలమంతా ఇక్కడే ఉంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది: పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదు. వెంటనే చేయకపోతే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉన్నప్పుడు తప్ప, చికిత్సకు విడిగా సమ్మతి తీసుకోవాలి. ఆ కేసులో తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదన్నారు, ఎందుకంటే రోగి సమర్థురాలైన వయోజనురాలు. మీ నాన్నగారి విషయమూ అంతే. యాంజియోగ్రామ్ సాధారణంగా స్థానిక మత్తుతోనే చేస్తారు, మనిషి మాట్లాడగలడు. ఆయనను అడగకుండా తలుపు బయట కంగారుగా నిలబడిన కొడుకు చేత సంతకం పెట్టించుకోవడం ఆసుపత్రుల్లో అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన అది చట్టం అయిపోదు.

అయితే అదే తీర్పు ఆసుపత్రికీ ఒక దారి ఇచ్చింది: పరీక్షకూ, దాని వెంట అవసరమయ్యే చికిత్సకూ ముందే కలిపి సమ్మతి తీసుకోవచ్చు. మీ నాన్నగారు ఉదయం సంతకం చేసిన కాగితంలో ‘అవసరమైతే స్టెంటు’ అని ఉందా? ఆయనకు అర్థమయ్యే తెలుగులో ఎవరైనా చెప్పారా? అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. సమీరా కోహ్లీ కేసులో ఆపరేషన్ ఫీజు వదులుకోమని, 25,000 రూపాయల పరిహారం ఇవ్వమని మాత్రమే కోర్టు ఆదేశించింది. స్టెంటు వైద్యపరంగా అవసరమేనని తేలితే పెద్ద మొత్తం ఆశించవద్దు.

అందుకే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంకె కంటే ముఖ్యమైన కాగితం మీకు ఇంకోటి లేదు. 0.80 లోపు ఉందా? మందు మధ్యలో ఆపేశారు కదా, మరి ఆ అంకె పూర్తి ప్రభావం వచ్చాక తీసుకున్నదేనా? ఊపిరి అందని మనిషికి అదే పూట స్టెంటు వేయాల్సిన తొందర ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు పీడన గ్రాఫులో, క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) నోట్సులో ఉంటాయి.

రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమావళి, 2002 చెబుతోంది. నోటితో అడగడం మానేయండి. మీ నాన్నగారి సంతకంతో ఉత్తరం రాసి, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కేసు షీటు, అన్ని సమ్మతి పత్రాలు, అడినోసిన్ ఎంత మోతాదులో ఏ సమయానికి ఎక్కించారో చూపే మందుల చార్టు, పీడన గ్రాఫు, యాంజియోగ్రామ్ సీడీ, ఐసీయూ నోట్సు అని పేరు పేరునా అడగండి. బిల్లులో స్టెంటు ధర, బ్రాండు, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు విడిగా చూపాలి. లేకపోతే అదీ రాసి అడగండి. వారు ఇవ్వకపోతే, ఇవ్వలేదన్నదే మీ ఫిర్యాదులో ఒక అంశమవుతుంది.

పోలీసు కేసు వద్దు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, డాక్టరుపై క్రిమినల్ కేసు నిలబడాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలి. ముందుగా మరో సమర్థుడైన వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం కావాలి. మీరు చెప్పిన వివరాలు అంత దూరం వెళ్లవు.

మీకు తగిన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం ‘సేవ’ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆసుపత్రి ఏ నగరంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించినది అయిదు లక్షల లోపే కాబట్టి ఫిర్యాదు ఫీజు లేదు. ఫిర్యాదు మీ నాన్నగారి పేరుతో ఉండాలి, ఆయన తరఫున మీరు హాజరు కావచ్చు. గడువు రెండేళ్లు. రికార్డుల కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటనివ్వకండి.

చివరిగా, కేసుకు సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఆ ఆసుపత్రి మీద కోపంతో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఆపకండి. స్టెంటు వేశాక వాటిని ఉన్నట్టుండి మానేస్తే అందులో గడ్డ ఏర్పడి ప్రాణం మీదికి రావచ్చు. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో మరో గుండె వైద్యుడిని ఈ వారంలోనే చూపించండి. ఉబ్బసం గురించి మొదటి మాటగా చెప్పి, ఆయన రాసే చీటీలో అది రాయించుకోండి.